రెండోసారి ఎందుకు పోయినం

మా పుట్టిల్లు కోదాడ. మా తాత ప్రభువును ఎలా నమ్ముకున్నాడో ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కూ చెప్పుకునేవాళ్ళం. పొలం దున్నుతుంటే ఆయన నడినెత్తిన తెల్లటి వెలుగు దిగి, పేరు పెట్టి పిలిచిందట. ఆయన ఎడ్లను అక్కడే వదిలేసి, ఆ వెలుగు వెంట నడిచి నడిచి మిషను బంగళా గుమ్మం ముందు ఆగాడట. మా నాన్న చిన్న బడి పంతులు. ఆదివారం ప్రసంగం కూడా ఆయనే చేసేవాడు. ఈ కథ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు, మేము ఊపిరి బిగబట్టేవాళ్ళం. తాతకు సొంత పొలం గానీ ఎడ్లు గానీ ఎన్నడూ లేవన్న సంగతి నాకు తట్టనే లేదు. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే నాకు ముందు కనిపించేది ఆ వెలుగే.

పదహారేళ్ళకు నా పెళ్ళి చేశారు. అత్తగారి ఊరు సూర్యాపేటకు దక్షిణాన, మూసీకి ఇవతల. ఊరికి ఎడంగా మా వాడ, వాడ చివర తాటాకుల ప్రార్థన పాక. వారం రోజులూ అందులోనే నా భర్త పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు. ఇంట్లో మేము ముగ్గురమే. మా అత్తమ్మ బక్కపలచటి మనిషి, మాట తక్కువ. కొత్తలో ఒకసారి అడిగాను, మీ ఇంట్లో మొట్టమొదట నమ్ముకున్నది ఎవరని.

"ఎవరో ఒకరు. పొయ్యిల కట్టె ఎగదొయ్యి" అంది.

కోదాడ అవతల ఆంధ్రవాళ్ళు దేశానికి స్వతంత్రం వచ్చిందని జెండాలు ఎగరేసుకున్న మరుసటేడు సంగతి ఇది. మా నైజాం ఇలాకాకు ఆ స్వతంత్రం ఇంకా రాలేదు. ఊళ్ళల్లో సంఘం లేచింది. వెట్టి చెయ్యమని జనం ఎదురు తిరిగారు. వాళ్ళను అణచడానికి రాజ్యం తరఫున వచ్చామంటూ తుపాకుల దండు ఊళ్ళ మీద పడుతోంది. పక్క ఊళ్ళో మగవాళ్ళను బావి దగ్గర నిలబెట్టి కాల్చారని విన్నాం. ఇంకో ఊళ్ళో గడ్డివాములతో పాటు ఇళ్ళూ తగలబెట్టారని విన్నాం. నా భర్త సంఘంవాళ్ళకు అన్నం పెట్టాడని దొర గడీకి ఎవరో చాడీ మోశారు. ఆ మధ్యాహ్నమే ఆయన బడి పిల్లలను పంపేసి, మారు పంచె కూడా తీసుకోకుండా చేలకు అడ్డంపడి పోయాడు. కోదాడలో మా నాన్నను కలిసి, వీలైతే సరిహద్దు దాటుతానన్నాడు. ఆ తర్వాత కబురు లేదు.

భయం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. కుక్క మొరిగితే దీపం ఆర్పేసేవాళ్ళం. నా కాళ్ళ కడియాలు చప్పుడు చేస్తాయని అత్తమ్మ గుడ్డపేలికలు చుట్టింది. వాడలో చంటిపిల్లల తల్లులు లారీ చప్పుడు వినబడగానే పిల్లల నోట్లో రొమ్ము పెట్టేవాళ్ళు. పాలున్నా లేకున్నా.

ఒకరోజు వాడలో ఉన్న ఆడవాళ్ళందరినీ గడీ ముందుకు రమ్మన్నారు. దొర బయటికి రాలేదు. ఆయన గుమాస్తా అరుగు మీద కూర్చున్నాడు. అతని వెనక తుపాకులవాళ్ళు నలుగురైదుగురు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మేము ఎండలో నేల మీద కూర్చున్నాం.

"మీ దేవుడి సంగతి నాకు తెల్వదనుకుంటున్నరా?" అన్నాడు గుమాస్తా. అరవలేదు, నవ్వుతూనే అన్నాడు. "పెద్ద కరువుల మీ ముసలోళ్ళు గంజి కోసం బంగళా కాడ వరుస కట్టిండ్రు. ముంతెడు గంజికి కిరస్తానంల కలిసిండ్రు. మా నాయిన కండ్లార సూసిండు. ఇప్పుడు ఆ గంజి పోసిన తెల్లదొరలే మూట సర్దుకొని ఓడెక్కుతున్నరు. ఇగ మీరెవరి బిడ్డలు? దొర బిడ్డలే. ఆ పాక మీ చేతులతోటే పీకెయ్యుండ్రి. మీ మొగోళ్ళు ఏడున్నరో చెప్పుండ్రి. మీ వాడ జోలికి ఎవ్వరు రారు. తెల్లారి వస్త, ఆలోసించుకోండ్రి."

నేను అత్తమ్మ వైపు చూశాను. అబద్ధమని అంటుందనుకున్నాను. ఆమె నేల చూపులు చూస్తూ కూర్చుంది. మిగతా ముసలివాళ్ళూ తల ఎత్తలేదు. వాళ్ళ మౌనం తుపాకుల కన్నా ఎక్కువ భయపెట్టింది నన్ను.

ఇంటికి వచ్చి మోకరించాను. కళ్ళు మూసుకున్నాను. ఎన్నడూ తప్పని వెలుగు ఆ రోజు రాలేదు. గంజి మూకుడు కనిపించింది. నేను పిలుస్తున్నది ఎవరిని? ఆకలితో ఉన్నవాళ్ళు గంజి కోసం ఒప్పుకున్న పేరునా? అక్కడ ఎవరూ లేకపోతే? చావు భయం అప్పటికే ఉంది, దాని మీద ఇది వచ్చి పడింది. చచ్చిపోతే పిలవడానికి కూడా ఎవరూ లేరేమోనన్న భయం.

తెల్లవారి పొలాల మీద మంచు ఆరకముందే లారీ చప్పుడైంది. వాడంతా లేచి తలో దిక్కుకు పరుగెత్తింది. అత్తమ్మా నేనూ జొన్నచేలో దూరాం. జొన్న నిలువెత్తు పెరిగి ఉంది. చేను మధ్యకు పోయి, బురదలో వీపులు ఆనించుకుని కూర్చున్నాం. ఆకులు కదిలితే గాలికో మనిషికో తెలియదు.

చాలాసేపటికి ఆమె చెవిలో అడిగాను. "అత్తమ్మా, గుమాస్తా చెప్పింది నిజమేనా?"

"ఏది?"

"గంజి సంగతి."

ఆమె బురదలోంచి ఒక గడ్డిపరక పీకి, మళ్ళీ అక్కడే పెట్టింది. "నిజమే బిడ్డా."

ఆమే గుసగుసగా చెప్పుకుపోయింది.

"నాకప్పుడు ఏడెనిమిదేండ్లు. వానలు పడలే. గడీల జొన్నలున్నయి గని మాకు పెట్టలే. చింతగింజలు ఉడకబెట్టుకొని తిన్నం. నా తమ్ముడు అమ్మ సంకల ఉండె, ఏడ్వనీకి గూడ బలం లేకుండె. బంగళా కాడ గంజి పోస్తున్నరంటే నడిసినం. ఏసయ్య ఎవరో మాకేం ఎరుక? గంజి ఎరుక. అందరు బాప్తిస్మమని మూసీల మునిగితే మేము మునిగినం. ఏరు ఎండి మోకాలు మట్టుకే నీళ్ళుండె, పండబెట్టి ముంచిండ్రు."

"మరి వానలు పడ్డాక?"

"దొర కబురంపిండు. బంగళా దిక్కు పోనని పోచమ్మ ముంగట ఒట్టు పెడితే మళ్ళ పనిల పెట్టుకుంటన్నడు. అమ్మ ఒట్టు పెట్టింది. మేమందరం పెట్టినం. రెండేండ్లు ఆ దిక్కు సూడలే."

దూరంగా ఎవరో కేక వేశారు. ఇద్దరం తలలు వంచి ఒకరినొకరం పట్టుకున్నాం. కేక మళ్ళీ రాలేదు.

నాకు ఏడుపు వచ్చింది. గంజి ఒక్కటే అనుకున్నాను, ఇప్పుడు ఒట్టు కూడా. "మరి మళ్ళీ ఎట్లా పోయారు?" అన్నాను.

"తమ్ముడు ఆ గంజి కాడనే సచ్చిపోయిండు. గాడ వాక్యం చెప్పే బైబిలమ్మ ఒకామె ఉండె. సాలెల ఆడిబిడ్డ, మొగుడు లేడు. అమ్మ గంజి తాగలేకపోతుంటే, ఆ ముంతనే తీసుకొని ముందు తను ఒక బుక్క తాగి, మళ్ళ అమ్మ నోటికి పెట్టింది. మా నీడ పడితే ఊరోళ్ళు తానం చేసే కాలం బిడ్డా అది. పిల్లగాడు పోయినంక పీనుగను తన కొంగుల సుట్టి, రొమ్ముకు పట్టుకొని తీస్కపోయింది. ఏడ్సింది గూడ. మాకు ఏడ్వ శాత గాలే, ఆమె ఏడ్సింది."

ఆకుల సందుల్లోంచి గట్టు వైపు చూసి మళ్ళీ అందుకుంది.

"ఒట్టు పెట్టినంక అమ్మకు ఇంకో పిల్ల పుట్టింది. అది జరమొచ్చి పోయింది. ఆనాడు గడీల పెండ్లి. పీనుగను ఇంట్ల పెట్టి వచ్చి పేడ ఎత్తుమన్నరు. అమ్మ పొద్దుమీకేదాంక ఎత్తింది. మరునాడు నన్ను పట్టుకొని బంగళాకు నడిసింది. అప్పుడు గంజి లేదు, పొయ్యిలు గూడ పీకేసిండ్రు. బైబిలమ్మను దేవులాడి, మా కోసం ఏడ్వనీకి నీకు నేర్పిన దేవుడెవరని అడిగింది. తిరిగొచ్చినంక దొర అమ్మను బండికి కట్టి కొట్టించిండు. నేను సూసిన. మళ్ళ ఒట్టు పెట్టలే."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

"సిగ్గు బిడ్డా. గంజికి సిగ్గు లేదు నాకు. ఒట్టుకు సిగ్గు." మళ్ళీ తనలో తాను అనుకున్నట్టు అంది. "మొదటిసారి గంజి కోసమే పోయినం. రెండోసారి ఎందుకు పోయినమో ఆ గుమాస్తా నాయిన సూడలేదేమో."

అప్పుడే జొన్నల పైన నల్లటి పొగ లేచింది. తాటాకు కాలే వాసన. పాక అంటుకుందని ఇద్దరికీ తెలిసింది. ఆ వెంటనే చేలో జొన్న విరుగుతున్న చప్పుడు వినపడింది. వాళ్ళు వరుసగా నడుస్తూ, తుపాకులతో మొక్కలను కొడుతూ వస్తున్నారు. నేను లేచి పరుగెత్తబోతే అత్తమ్మ కొంగు పట్టి లాగింది. అప్పటికే ఆలస్యమైంది. ఒకడు నా జుట్టు పట్టుకుని గట్టు మీదికి ఈడ్చాడు. అత్తమ్మ తనంతట తానే వెనక వచ్చింది.

గట్టు మీద గుమాస్తా గొడుగు వేసుకుని నిలబడ్డాడు. తుంపర మొదలైంది.

"ఏందే ముసల్దానా, ఆలోసించినవా?"

అత్తమ్మ కాళ్ళు వణుకుతున్నాయి. పక్కనే ఉన్నాను కనుక నాకు కనిపించింది. చేతులు జోడించింది. "ఆలోసించిన దొరా. నువ్వు చెప్పింది నిజమే. గంజి కోసమే పోయినం."

అతను తుపాకులవాళ్ళ వైపు తిరిగి, చూశారా అన్నట్టు నవ్వాడు. "మరింకేంది?"

"గంజి బందయ్యి నలభై ఏండ్లు దాటె. ఆ నడుమ ఒకపారి మీ మాట విని ఒట్టు గూడ పెట్టినం. ఉండలేకపోయినం. ఇప్పుడు మళ్ళ పెట్టుమంటే నాతోని గాదు దొరా."

ఆమె గొంతు చిన్నగా, ప్రాధేయపడుతున్నట్టే ఉంది. అందులో ఎదిరింపు లేదు. అందుకేనేమో గుమాస్తా గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. పక్కవాడు మాత్రం తుపాకీ మడమతో ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆమె బురదలో పడింది.

తర్వాత నా వంతు. "నీ మొగుడేడి?"

నోరు తెరిచాను. మాట రాలేదు. చెప్పకూడదన్న పట్టుదల కాదు, భయంతో నాలుక తిరగలేదు. కోదాడ అన్న మాట నాలుక చివరన ఉందో లేదో కూడా ఈనాటికీ చెప్పలేను. నేను ధైర్యంగా నిలబడ్డానని తర్వాత వాడలో కొందరు అన్నారు. అది నిజం కాదు.

వాన ఒక్కసారిగా కుండపోతగా పట్టింది. నల్లరేగడిలో లారీ దిగబడుతుందని డ్రైవరు అదే పనిగా హారన్ కొట్టాడు. వాళ్ళు తిట్టుకుంటూ మమ్మల్ని అక్కడే వదిలేసి పరుగెత్తారు. మేము బతికింది ఆ వాన వల్ల. దేవుడు పంపాడని అప్పుడే అనడానికి నాకు నోరు రాలేదు. వాడలో ఇద్దరు ముసలివాళ్ళను వాళ్ళు అంతకుముందే చంపేశారు.

కోదాడ బాటన నడవడం కుదరదన్నారు. ఆ రోడ్డంతా తుపాకులే. నా ఆడబిడ్డ కాపురం మిర్యాలగూడలో. అక్కడికి పోదామని అత్తమ్మ చేతిని నా చీర చెరగుతో మెడకు కట్టి బయలుదేరదీశాను. మూసీ నిండుగా పారుతోంది. పుట్టి నడిపే అతను మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు, మళ్ళీ ఏమనుకున్నాడో ఎక్కమన్నాడు. ఏటి నడుమ పుట్టి గిర్రున తిరుగుతుంటే, ఒడ్డున ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని నేను రెండు వైపులా చూస్తూనే ఉన్నాను. అత్తమ్మ కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టింది. "ఈడనే ముంచిండ్రు మమ్మల్ని" అంది.

మిర్యాలగూడలో ఆడబిడ్డ ఇల్లు ఒక్క గది. వీధిలో గుర్రం డెక్కల చప్పుడైనా, పాలమనిషి తలుపు తట్టినా నేను గాదె వెనక్కి పోయేదాన్ని. అత్తమ్మ భుజానికి కట్టు కట్టించాం, నెలలో అతికింది గానీ వంకరగా అతికింది. పగలంతా చేసేదేం లేక ఆడబిడ్డ దగ్గరున్న సువార్త పుస్తకం చదివాను. ప్రభువును పట్టుకున్న రాత్రి శిష్యులందరూ పారిపోయారని ఎన్నోసార్లు విన్నదే. వాళ్ళలో పెద్దవాడు చలిమంట దగ్గర ఒక పనిపిల్లకు భయపడి, ఆయనెవరో తెలియదని ఒట్టు పెట్టాడన్నదీ విన్నదే. కానీ ఒట్టు అన్న మాట దగ్గర ఈసారి ఆగిపోయాను.

సువార్త రాసినవాళ్ళు తమ పెద్దల సిగ్గును ఎందుకు రాసి పెట్టుకున్నారు? వదిలేసి ఉంటే ఎవరికి తెలిసేది? మా నాన్నయితే వదిలేసేవాడు. దాని బదులు ఒక వెలుగు పెట్టేవాడు. కానీ వెలుగు మీద నిలబడ్డ నేను గుమాస్తా ఒక్క మాట అనేసరికి కూలిపోయాను. అత్తమ్మకు ఆ మాట అంతకుముందే తెలుసు. అతనికి తెలియనిది కూడా తెలుసు. అందుకే వణుకుతూనే నిలబడగలిగింది. ఆ గదిలో నాకు భయం తగ్గిందని అనను. భయపడుతూ పిలవడానికి ఎవరో ఉన్నారన్న నమ్మకం మాత్రం మెల్లగా తిరిగి వచ్చింది. ఒక బైబిలమ్మ ఎంగిలి ముంతలో తాగిందన్నది కల కాదు. ఒక తల్లి ఏ లాభమూ లేకుండా రెండోసారి నడిచి పోయిందన్నది కల కాదు. చూసిన మనిషి నా పక్కన పడుకుని మూలుగుతోంది.

కొన్నాళ్ళకు యూనియన్ సైన్యం కోదాడ మీదుగా సూర్యాపేటకు వచ్చిందని తెలిసింది. గుమాస్తా ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. నా భర్త కోదాడలో ఉన్నాడని కబురు రాగానే నేను వెళ్ళాను. చిక్కి సగమయ్యాడు. మా నాన్న ఇంటెనకాల పశువుల కొట్టంలో దాక్కున్నాడట. ఆ సాయంత్రం మా నాన్నను అడిగాను.

"నాన్నా, తాతకు ఎడ్లు ఎక్కడివి?"

ఆయన చాలాసేపు చుట్ట వెలిగించుకుంటూనే ఉన్నాడు. "ఆయన ఒక కామందు దగ్గర పాలేరమ్మా. దున్నేటప్పుడు ఎద్దు కాలు విరిగింది. చంపేస్తారని భయపడి పారిపోయి బంగళాలో దాక్కున్నాడు."

"వెలుగో?"

"అది నేనే ఒక క్రిస్మస్‌కి కలిపాను. బాగుంటుందని."

"తర్వాత ఏమైంది?"

"ఏమవుద్ది. ఆర్నెల్లకి తనే వెనక్కి పోయాడు. ఎద్దు కాలు నా వల్లే విరిగిందయ్యా అని ఒప్పుకుని, దానికి బదులు ఏడాది ఊరికే చాకిరీ చేశాడు. ఎవరూ పొమ్మనలేదు. బంగళా దొరలు వద్దనే అన్నారంట."

"ఇంత మంచి సంగతి దాచి ఆ వెలుగెందుకు పెట్టావు నాన్నా?"

"పారిపోయినోడి కథ ఎవరు వింటారమ్మా?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను వింటానని చెప్పాను. తాత ఎద్దు సంగతి ఆ రాత్రి మొదటినుంచీ చెప్పించుకున్నాను.

అత్తమ్మనూ తీసుకుని మేము ఊరికి తిరిగి వచ్చాం. భయం పోలేదు, చేతులు మారింది. సంఘంవాళ్ళను పట్టుకోవడానికి కొత్త పోలీసుల క్యాంపు పడింది. నా భర్తను రెండుసార్లు పిలిపించారు. రెండోసారి ఆయన్ను అక్కడే ఉంచేశారు. క్యాంపు కంచె బయట నేను నిలబడ్డాను. లోపలి నుంచి కేకలు వినబడితే అవి ఆయనవో కావో గుర్తుపట్టలేకపోయేదాన్ని. కళ్ళు మూసుకుంటే వెలుగు రాలేదు, దాని కోసం చూడనూ లేదు. బంగళాలో దాక్కున్న తాత, పేడ ఎత్తిన అత్తమ్మ తల్లి, చలిమంట దగ్గర బొంకిన ఆ పెద్దమనిషి, అందరూ నాలాగే భయపడ్డవాళ్ళే. వాళ్ళను వదలని ప్రభువా, నన్నూ వదలకు అన్నాను. అంతకన్నా పెద్ద ప్రార్థన నాకు రాలేదు. పాదాలు వాచి, గోడ పట్టుకుని నడుస్తూ ఆయన బయటికి వచ్చాడు. ఆ పాదాలు మళ్ళీ మునుపటిలా కాలేదు గానీ మనిషి మిగిలాడు.

పాకను మళ్ళీ కప్పుకున్నాక ఒక ఆదివారం అత్తమ్మ లేచి నిలబడి, ఒంగిన భుజంతోనే కరువు సంగతి మొదలుపెట్టింది. ఒట్టు దగ్గరికి రాగానే మా ప్రార్థన పెద్ద మెల్లగా అడ్డం వచ్చాడు. "అక్కా, ఆ మాట పిల్లలకెందుకే?"

"జరిగింది గద" అంది అత్తమ్మ. అదీ చెప్పింది.

నా భర్త ఆ కథ వినడం అదే మొదలు. తల్లి కడుపున పుట్టి, ఆ పాకలోనే పాఠాలు చెప్పి, ఆయనకు ఇది తెలియదు. ప్రార్థన అయ్యాక తల్లి వెనకే నడిచాడు. ఇంటికి వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, గా పిల్లను ఏడ బొంద పెట్టిండ్రు? జరమొచ్చి పోయినదాన్ని."

ఆమె గుర్తు చేసుకోవాలని చూసింది. ఏటి వైపు చెయ్యి చూపించబోయి, భుజం లేవక ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ దిక్కు గట్టు కాడ నాయినా. అదంత ఎన్నడో దున్నిండ్రు" అంది.